వాచీ అద్దానికి నంబరే ఊరూ పేరూ

వాచీ రిపేరు వృత్తి ఎందుకు అడుగంటిందని ఎవరినడిగినా ఒకటే జవాబు వస్తుంది. సెల్‌ఫోన్ వచ్చింది, టైము అందులోనే కనిపిస్తోంది, ఇక వాచీతో పనేముంది అని. వినడానికి సబబుగానే ఉంటుంది గానీ తేదీలు దానికి ఒప్పుకోవు. మన దేశంలో తొలి మొబైల్ సంభాషణ 1995 జూలై 31న కలకత్తా, ఢిల్లీల మధ్య జరిగింది. ఆ తర్వాత కూడా కొన్నేళ్లపాటు అది డబ్బున్నవాళ్ల వస్తువే. మనకు వచ్చిన కాలుకి కూడా మనమే డబ్బు కట్టాల్సిన రోజులవి. 2003లో ఆ బాదుడు పోయాకే నెల్లూరు తీరంలోని కావలి లాంటి ఊళ్లలో మామూలు మనుషుల జేబుల్లోకి ఫోను చేరింది. వాచీ మెకానిక్ చేతిపని మాత్రం అంతకు ముందు నుంచే పలచబడుతూ వచ్చింది. పైగా ఫోను ఊరూరా పాకిన కాలంలో వాచీల అమ్మకాలు పడిపోలేదు. టైటాన్ కంపెనీ కుర్రకారు కోసం తెచ్చిన ఫాస్ట్‌ట్రాక్‌ను 2005లో విడి బ్రాండుగా నిలబెట్టింది. జనం వాచీలు కొంటూనే ఉన్నారు, రిపేరుకి ఇవ్వడమే మానుకున్నారు. ఈ రెంటి మధ్య తేడాకి కారణం వెతకాలంటే ఫోను సంగతి పక్కనబెట్టి వాచీ ముఖం మీది అద్దాన్ని చూడాలి. అద్దం కొలత ప్రకారం దొరికినంత కాలం ఊరి మెకానిక్ నిలబడ్డాడు. అది కంపెనీ ప్రకారం దొరకడం మొదలైన నాటి నుంచి అతని కింద నేల కదిలింది. చవక వాచీకి ఏ అద్దం వేయించుకోవాలన్న నేటి ప్రశ్నకి కూడా జవాబు ఈ చరిత్రలోనే ఉందని నా వాదన.

కావలికి గడియారంతో గట్టి అవసరం రైలుతో పాటే వచ్చింది. మద్రాసు, బెజవాడల మధ్య లైను కలిసి తూర్పు తీరం పొడవునా రైళ్లు సాగడం 1899లో మొదలైంది. అప్పట్లో రైళ్లు నడిచింది మద్రాసు అబ్జర్వేటరీ టైము ప్రకారం. ఇక్కడొక చిన్న విశేషం చెప్పాలి. కావలి ఉన్నది దాదాపు 80 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద. మద్రాసు అబ్జర్వేటరీ దానికి పావు డిగ్రీ తూర్పున. అంటే ఈ ఊరి సూర్యుడికీ స్టేషను గడియారానికీ ఉన్న తేడా ఒక్క నిమిషం. బొంబాయిలో ఊరి టైము వేరు, రైలు టైము వేరు అని జనం గొడవపడుతున్న కాలంలో కావలి వాళ్లకి ఆ బాధే లేదన్నమాట. 1906 జనవరి 1న దేశమంతటికీ ఒకే టైము వచ్చాక మాత్రం ఇక్కడ సూర్యుడు పది నిమిషాలు ఆలస్యమయ్యాడు. పక్కనే బిట్రగుంటలో స్టీము ఇంజన్ల షెడ్డు, రైల్వే కాలనీ వెలిశాయి. డ్రైవర్లకీ గార్డులకీ నిమిషం లెక్క ఉద్యోగంలో భాగం. 1951లో దొడ్ల రామచంద్రారెడ్డి కావలిలో జవహర్ భారతిని నెలకొల్పాక లెక్చరర్లు, పరీక్ష హాళ్లు, హాస్టళ్లు వచ్చాయి. మద్రాసు, విజయవాడల మధ్య రైలు దారిలో కావలి ఇంచుమించు సగం దూరంలో ఉంటుంది. అటూ ఇటూ పోయే బస్సులు ఊరి మీదుగానే వెళ్లేవి. చేతికి వాచీ కట్టుకోవాల్సిన అవసరం అలా రైల్వే నుంచి బడికీ, బడి నుంచి బజారుకీ పాకింది. అవసరం పుట్టడం ఒక ఎత్తు, తీరప్రాంతపు చిన్న పట్టణంలో ఆ వాచీని ఏళ్ల తరబడి నడిపించడం ఇంకో ఎత్తు. ఆ రెండోదాంట్లో అద్దానిది ముఖ్యమైన పాత్ర.

మొదట్లో వాచీ అద్దం నిజంగా గాజే. పంతొమ్మిదో శతాబ్దంలో ఫ్రాన్స్ లొరేన్ ప్రాంతంలోని గెట్జెన్‌బ్రుక్ అనే ఊరు ఈ పనికి పేరుపడింది. పెద్ద గాజు బుడగ ఊది, దాని గోడలోంచి గుండ్రటి ముక్కలు కోసి, అంచులు అరగదీసేవాళ్లు. జేబు గడియారానికి అది చాలింది. జేబు దాన్ని కాపాడేది, పైగా చాలావాటికి లోహపు మూత ఉండేది. గడియారం జేబులోంచి మణికట్టు మీదకు వచ్చేసరికి గాజు బలహీనత బయటపడింది. మొదటి ప్రపంచయుద్ధంలో కందకాల్లోని సైనికులు వాచీ అద్దం మీద ఇనుప జల్లెడ లాంటి కవచం బిగించుకోవాల్సి వచ్చింది. బొంబాయి, కలకత్తాల్లో కొట్లున్న వెస్ట్ ఎండ్ వాచ్ కంపెనీ వాచీలు ఆ యుద్ధంలో మన సిపాయిల చేతుల మీద మెసొపొటేమియా దాకా వెళ్లాయి. గాజుకి బదులు సెల్యులాయిడ్ వాడి చూశారు. అది పగలదు గానీ పసుపు రంగుకి తిరుగుతుంది, కుంచించుకుపోతుంది, అందులోంచి వచ్చే ఆమ్లపు ఆవిరి ముళ్లకి తుప్పు పట్టిస్తుంది. అసలు పరిష్కారం 1930లలో దొరికింది. జర్మనీలో రోమ్ అండ్ హాస్ వాళ్లు ప్లెక్సిగ్లాస్ పేరుతో, ఇంగ్లండులో ఐసీఐ వాళ్లు పెర్‌స్పెక్స్ పేరుతో ఎక్రిలిక్‌ను తయారుచేశారు. రెండో ప్రపంచయుద్ధంలో యుద్ధవిమానాల పైలట్ల తల మీది పారదర్శకమైన కప్పు అదే. యుద్ధం తర్వాత అదే పదార్థం చవక వాచీల ముఖం మీద స్థిరపడింది. మన బజార్లలో ప్లాస్టిక్ గ్లాసు అని కాస్త తక్కువ చూపుతో పిలిచేది దీన్నే.

ఎక్రిలిక్ గెలిచింది పగలకపోవడం వల్ల మాత్రమే కాదు. గాజు వంగదు, ఎక్రిలిక్ కొద్దిగా వంగుతుంది. మొత్తం కథ అక్కడుంది. వాచీ కేసు లోపలి అంచున చుట్టూ ఒక సన్నని గాడి ఉంటుంది. ఆ గాడి వ్యాసం కంటే వెంట్రుకవాసి, అంటే మిల్లీమీటరులో పదో వంతో రెండు వంతులో పెద్దగా ఉండే ఉబ్బెత్తు అద్దాన్ని తీసుకుంటారు. చుట్టూ కొక్కేలున్న చిన్న పరికరంతో దాని అంచుని అన్ని వైపుల నుంచీ సమంగా నొక్కితే అద్దం గుబురుగా లేచి, వ్యాసం కాస్త తగ్గుతుంది. అలా గాడిలో కూర్చోబెట్టి వదిలితే మళ్లీ తన కొలతకి తాను సాగి అంచుని బిగబట్టుకుంటుంది. గమ్ము అక్కర్లేదు, రబ్బరు చుట్టు అక్కర్లేదు, కొలిమి అక్కర్లేదు. కాస్త పెద్దదైతే అంచుని ఎమెరీ కాగితం మీద తిప్పి సరిచేసుకోవచ్చు, గాజుతో ఆ పని చేయాలంటే సానచక్రం కావాలి. కాబట్టి మెకానిక్‌కి కావలసింది ఒక కొలత పరికరం, ఆ కొక్కేల పరికరం, చిన్న చిన్న కాగితపు పొట్లాల్లో నంబర్లవారీగా పేర్చిన అద్దాలు. చెప్పుల నంబరు లాగే అద్దానికీ నంబరు: 305 అంటే 30.5 మిల్లీమీటర్లు, 306 అంటే 30.6. ఆ పొట్లం మీద కంపెనీ పేరు ఉండదు. స్విట్జర్లాండు వాచీ అయినా, బెంగుళూరు వాచీ అయినా, దొంగరవాణాలో తీరానికి చేరిన ఊరూపేరూ లేని వాచీ అయినా, గాడి కొలత ఒకటైతే అద్దం ఒకటే. ఒక పెట్టెడు సరుకుతో నూరు కంపెనీలకి సేవ చేయగలగడం వల్లే పట్నానికి దూరంగా, తక్కువ పెట్టుబడితో, బస్టాండు పక్కన ఒక బల్ల వేసుకుని మనిషి బతకగలిగాడు.

ఈ ఏర్పాటుకి మన దేశంలో పెద్ద దన్ను హెచ్ఎంటీ. 1953లో యంత్రాల తయారీకి బెంగుళూరులో పెట్టిన హిందుస్థాన్ మెషీన్ టూల్స్, 1961లో జపాన్ సిటిజన్ కంపెనీ సహకారంతో చేతి వాచీలు మొదలుపెట్టింది. జనతా, పైలట్, సోనా, కోహినూర్, కాంచన్ అన్నవి తెలుగు ఇళ్లలో మనుషుల పేర్లంత పరిచయమైన మాటలయ్యాయి. పెళ్లిలో అల్లుడికి వాచీ పెట్టడం, కొడుకు పదో తరగతి పాసైతే వాచీ కొనివ్వడం ఆ తరం మర్యాదలు. జనతా అనేది పేరుకి తగ్గ వాచీ: 17 రాళ్ల యంత్రం, రోజూ కీ ఇవ్వడం, పైన ఉబ్బెత్తు ఎక్రిలిక్ అద్దం. కంపెనీ చూపులేనివాళ్ల కోసం చేసిన బ్రెయిలీ వాచీకైతే అద్దం మడతబందు మీద పైకి లేచేది, ముళ్లని వేలితో తడిమి టైము చూసుకునేందుకు. తర్వాత 1980లలో హైదరాబాదు ఆల్విన్ జపాన్ సీకో సహకారంతో వాచీలు చేసి అప్పటి మన ఉమ్మడి రాష్ట్రం పేరు కూడా ఈ పటంలో ఎక్కించింది. ఈ వాచీల ధర ఒక చిన్న జీతగాడికి తక్కువేమీ కాదు. అది ఒక్కసారి కొనే వస్తువు. మరి అద్దం గీతలు పడి మసకబారితేనో, గోడకి కొట్టుకుని చిట్లితేనో, వాచీ ధరలో చిటికెడు కూడా కాని ఖర్చుతో కొత్త ముఖం వచ్చేది. దెబ్బ తాను తిని లోపలి డయలునీ ముళ్లనీ కాపాడి, అరిగాక తాను పోయే భాగంగా అద్దాన్ని ఉద్దేశపూర్వకంగానే మెత్తగా ఉంచారు. ఆ మెత్తదనాన్ని నాసిరకమని అనుకోవడం పొరపాటు.

ఇక్కడ ఒక బలమైన అభ్యంతరం ఉంది. ఇదంతా కొరత రోజుల ముచ్చటేనని, విదేశీ వాచీల దిగుమతి మీద ఆంక్షలుండి, దేశంలో చేసేవి చాలక జనం గత్యంతరం లేక రిపేర్లు చేయించుకున్నారని, దానికి అద్దాల నంబర్లతో సంబంధం పెట్టడం పాత రోజుల మీద మోజేనని అనవచ్చు. కొరత నిజమే. లైసెన్సుల రాజ్యం లేకపోతే అంతమంది అన్నిసార్లు అద్దాలు మార్పించుకునేవాళ్లు కాదన్నదీ నిజమే. అయితే కొరత వల్ల రిపేరు చేయించాలన్న కోరిక పుడుతుంది, చేయగల వీలు పుట్టదు. వస్తువు కట్టుబడి ఊళ్లో దొరికే సరుకుతో పొసగాలి, లేకపోతే ఎంత కొరతున్నా మెకానిక్ చేతులు కట్టేసుకుని కూర్చోవాల్సిందే. దీనికి సాక్ష్యం ఆ తర్వాతి కాలమే ఇస్తుంది. 1990ల చివర్లో, 2000ల మొదట్లో కావలి లాంటి ఊళ్లో సెల్లుతో నడిచే క్వార్ట్జ్ వాచీకి అద్దం పగిలితే, యజమానికి అది బాగుచేయించుకోవాలన్న కోరిక ఉన్నా చాలాసార్లు కుదరలేదు. ఆ అద్దం చతురస్రమో, పీపా ఆకారమో, అంచు చెక్కినదో అయ్యుండేది. ఏ నంబరు పొట్లంలోనూ ఉండేది కాదు. కోరిక ఉండి వీలు లేని ఆ స్థితే నా వాదనకి ఆధారం.

క్వార్ట్జ్ రాకతో ఏం మారిందో కొంచెం వివరంగా చూడాలి. తమిళనాడు ప్రభుత్వ సంస్థ టిడ్కో, టాటాలు కలిసి పెట్టిన టైటాన్ 1987లో హోసూరు నుంచి వాచీలు బజారుకి తెచ్చింది. పల్చటి కేసు, సెల్లుతో నడిచే యంత్రం, పైన చదునైన మినరల్ గ్లాసు, అంటే గాజే. చూడముచ్చటైన వాచీలు, టైము తప్పేవి కావు, కీ ఇవ్వాల్సిన పని లేదు. జనం వాటివైపు మొగ్గారంటే తప్పుపట్టడానికేమీ లేదు. కానీ మినరల్ గ్లాసు వంగదు కాబట్టి గాడిలో తనంతట తాను బిగుసుకోదు. దాని చుట్టూ సన్నని ప్లాస్టిక్ చుట్టు వేసి యంత్రంతో సమంగా నొక్కాలి, లేదంటే అతికించాలి. వ్యాసంతో పాటు మందం కూడా సరిపోవాలి. చుట్టు మందమూ సరిపోవాలి. గుండ్రటి వాటిలో ఇంకా నంబర్లున్నాయి. ఆకారం మారిందంటే ఆ అద్దం ఆ మోడల్‌ది మాత్రమే, అది దొరికేది కంపెనీ సర్వీసు సెంటరులోనే. అంతకు ముందే 1983లో స్విట్జర్లాండులో వచ్చిన స్వాచ్ ఇంకో అడుగు ముందుకేసి అద్దాన్ని కేసుకే శబ్దతరంగాలతో అతుకుపెట్టేసింది. మార్చే ప్రసక్తే లేకుండా. చవక వాచీ అంటే వాడి పారేసేదన్న ఆలోచనకి అది నాంది. 1991 తర్వాత దిగుమతులు సులువై, తోపుడుబండి మీద దొరికే క్వార్ట్జ్ వాచీలు నిండేసరికి వాచీ ధరే అద్దం మార్చే కూలికి దగ్గరగా దిగింది. మెకానిక్‌కి మిగిలినవి సెల్లు వేయడం, పట్టీ మార్చడం. చేతి నైపుణ్యం అక్కర్లేని ఆ రెండు పనులూ ఫ్యాన్సీ షాపువాడు కూడా చేయగలడు. ఫోను వచ్చి తలుపు వేసి ఉండవచ్చు గానీ, ఇంటిని ఖాళీ చేయించింది మాత్రం ఈ మార్పే.

పోయింది వృత్తే కదా, అద్దం మెరుగైంది కదా అనేవాళ్లకి కూడా జవాబు చెప్పాలి. గట్టిదనం లెక్కన చూస్తే వాళ్ల మాట నిజం. ఖనిజాల గట్టిదనాన్ని 1 నుంచి 10 దాకా కొలిచే మోస్ కొలమానంలో ఎక్రిలిక్ 3 దగ్గర, మామూలు గాజు 5, 6 మధ్య ఉంటాయి. కృత్రిమ నీలం, అంటే సఫైర్, 9. వజ్రం ఒక్కటే దానిపైన. 1902లో వెర్నూయ్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త అల్యూమినా పొడిని మంటలో కరిగించి దీన్ని చేసే పద్ధతి ప్రకటించాడు. నేటి ఖరీదైన వాచీల అద్దాలకి అదే మూలం. కావలి వైపు ఈ లెక్కకి మరో ప్రాముఖ్యం ఉంది. నెల్లూరు తీరం ఇసుకకి పేరు. గూడూరు దగ్గర చిల్లకూరు, కోట మండలాల తెల్ల సిలికా ఇసుక గాజు పరిశ్రమలకే వెళ్తుంది. ఆ ఇసుక రేణువు క్వార్ట్జ్, దాని గట్టిదనం 7. అంటే కావలి దగ్గరి తుమ్మలపెంట ఒడ్డున చేతికి అంటిన ఇసుక మినరల్ గ్లాసుని కూడా గీస్తుంది, సఫైర్‌ని గీయలేదు. గాజుగా మారాల్సిన ఇసుకే గాజుకి శత్రువు! మినరల్ గ్లాసు వేయించుకుంటే ఇక గీతలే పడవని నమ్మేవాళ్లు ఈ తీరంలో ఆ నమ్మకం తగ్గించుకోవాలి. పడిన గీత ఎక్రిలిక్ మీదైతే బ్రాసో పూసి మెత్తటి గుడ్డతో, అదీ లేకపోతే టూత్‌పేస్టుతో రుద్దితే చాలావరకు పోతుంది. మినరల్ గ్లాసు మీది గీత అద్దం ఉన్నంత కాలం ఉంటుంది. దెబ్బ తగిలితే ఎక్రిలిక్ చీలుతుంది, గాజు ముక్కలై డయలు మీద రాలుతుంది, ఒక ముక్క ముల్లు కింద దూరితే యంత్రానికీ చేటు. అమెరికా అంతరిక్ష సంస్థ 1969లో చంద్రుడి దాకా పంపిన ఒమేగా స్పీడ్‌మాస్టర్ వాచీకి ఎక్రిలిక్ అద్దమే ఉంది. బరువులేని చోట గాజుముక్కలు గాల్లో తేలితే ఎంత ప్రమాదమో వేరే చెప్పక్కర్లేదు. 1989లో వచ్చి ఇప్పటికీ అమ్ముడవుతున్న క్యాసియో ఎఫ్-91డబ్ల్యూ ముఖమూ ప్లాస్టిక్కే. ఒకటి అత్యంత ఖరీదైన పనికి, ఇంకొకటి అత్యంత చవక చేతికి. రెండింటికీ ఆ పదార్థం సరిపోయిందంటే దాన్ని బీదవాడి గాజు అని కొట్టిపారేయలేం.

ఇంకా లోతుకి వెళ్తే గట్టిదనం కంటే కూర్చోవడం ముఖ్యమని తేలుతుంది. జనతా లాంటి పాత వాచీలో ముళ్లు డయలు మీద ఎత్తుగా ఉంటాయి. ఆ ఎత్తుకి చోటిచ్చేది అద్దం ఉబ్బు. ఆ గాడిలో చదునైన సఫైరో మినరల్ గ్లాసో పెట్టించుకోవాలని పట్టుబడితే, ముందు అది బిగుసుకోదు. గమ్ముతో అతికించినా సెకన్ల ముల్లు అడుగున రాసుకుని వాచీ ఆగిపోవచ్చు. సఫైర్ చవకైంది కదా అన్న వాదన ఇప్పుడు కొంతవరకు నిజమే; గుండ్రటి సఫైర్ ముక్కలు నంబర్లవారీగా వస్తున్నాయి. చదును అద్దం కోసమే కట్టిన వాచీకి, మందం కుదిరితే, అది మంచి ఎంపికే. రొయ్యల చెరువుల మీద, ఇసుకలో పనిచేసే చేతికైతే మరీను. అయితే అక్కడ కూడా మొదట చూడాల్సింది కూర్చునే చోటు, తర్వాతే పదార్థం. తీరంలో అద్దానికి ఉన్న రెండో పని ఉప్పుగాలిని, తేమని బయట ఆపడం. 1989 నవంబరులో థాయిలాండు మీదుగా వచ్చి ఈ తీరాన్ని తాకిన మహా తుఫానుకి కావలి తుఫాను అన్న పేరే పడింది. అంతటి తుఫాను తరానికొకసారి వస్తుంది; వాచీలకి రోజూ చెరుపు చేసేది మామూలు చెమట, కళ్లాపి, ఇస్కపల్లి ఉప్పు కొఠార్ల మీదుగా వీచే గాలి. పొద్దున్నే అద్దం లోపల ఆవిరి పట్టిందంటే వదులుగా కూర్చున్న అద్దమో, పాడైన వెనక మూత రబ్బరో, కీ దగ్గర సందో కారణం. వజ్రమంత గట్టి అద్దమైనా వదులుగా కూర్చుంటే లోపలి డయలు మచ్చలు పడక మానదు.

చరిత్ర వైపు నుంచి ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. ఏ అద్దమైనా ఏ వాచీకైనా సరిపోయే ఈ స్వేచ్ఛ దుర్వినియోగం కూడా అయింది. పాత హెచ్ఎంటీలకి, ఫావర్-లూబాలకి కొత్తగా రంగు వేసిన డయళ్లు తొడిగి, మెరిసే కొత్త అద్దం బిగించి అసలువని అమ్మే వ్యాపారం ఇవాళ జోరుగా ఉంది. అద్దం కొత్తదైతే మోసమేమీ లేదు, అది అరిగి మారాల్సిన వస్తువే. డయలు మార్చి దాచడమే మోసం. కొలత కుదరని అద్దాన్ని ఫెవిక్విక్‌తో అతికించిన మెకానిక్‌లూ లేకపోలేదు. ఆ గమ్ము ఆరేటప్పుడు వచ్చే ఆవిరి అద్దం లోపలి వైపున, డయలు మీద తెల్లటి మసకలా పేరుకుంటుంది, మళ్లీ పోదు. ఇవన్నీ ఆ పద్ధతి మీద ఫిర్యాదులు కావు, పద్ధతి తప్పిన పని మీద ఫిర్యాదులు. సరైన నంబరు దొరికినచోట గమ్ముతో పని పడదు.

హెచ్ఎంటీ వాచీల కంపెనీని మూసేయాలని కేంద్ర మంత్రివర్గం 2016 జనవరిలో నిర్ణయించింది. ఆల్విన్ వాచీలు అంతకు చాలా ముందే ఆగిపోయాయి. తమాషా ఏమంటే తయారుచేసిన కంపెనీలు పోయినా ఆ వాచీలకి అద్దాలు ఇప్పటికీ దొరుకుతున్నాయి, ఎందుకంటే ఆ అద్దాలు ఎన్నడూ ఆ కంపెనీల సొత్తు కాదు. ఇరవయ్యేళ్ల కిందటి చతురస్రపు క్వార్ట్జ్ వాచీకి ఈ సౌకర్యం లేదు. కొన్ని వందల రూపాయల కొత్త వాచీకి అద్దం పగిలితే మార్పించడం కంటే కొత్తది కొనడమే మేలనిపించవచ్చు, చాలాసార్లు అది సరైన లెక్కే. గుండ్రటి పాత వాచీ విషయంలో మాత్రం ఆ లెక్క తప్పు.

కాబట్టి ఇంట్లో బీరువా అరలో అద్దం మసకబారిన జనతానో, కోహినూరో ఉంటే కంపెనీ అద్దం ఎక్కడ దొరుకుతుందని వెతుక్కోవద్దు. దగ్గర్లో మిగిలిన మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లి పాత అద్దం తీయించి, కేసు గాడిని, పాత అద్దం అంచుని రెంటినీ కొలవమనండి, ఎందుకంటే పాత అద్దం ఇదివరకే ఎవరో తప్పు నంబరుతో వేసినదై ఉండవచ్చు. ఉబ్బు ఎత్తు కూడా చూడమనండి. బిగించాక ముళ్లని ఒక పూర్తి చుట్టు తిప్పి ఎక్కడా రాసుకోవడం లేదని మీ కళ్ల ముందే చూపించమనండి. పాత అద్దం అడుగున అంచు వెంట సన్నని లోహపు చుట్టు ఉంటే కొత్తదానికీ అది ఉండాలి, మామూలు ఉబ్బెత్తు అద్దం అక్కడ సరిగా నిలవదు. గమ్ము తీస్తుంటే ఆపండి. కొత్త ఎక్రిలిక్ అద్దం మీద స్పిరిట్టు, సెంటు, చేతులకి రాసుకునే శానిటైజరు పడనివ్వకండి, సాలెగూడు లాంటి సన్నని పగుళ్లు వస్తాయి. ఆ మెకానిక్ కొలిచి చెప్పిన నంబరుని ఒక కాగితం మీద రాసి వాచీ పెట్టెలో ఉంచండి. మళ్లీ మార్చాల్సి వచ్చినప్పుడు ఏ ఊళ్లో అయినా అడగాల్సింది ఆ నంబరే.